సమస్యాపూరణం: జట్టు లేకయె గెలిచెను జట్టు పోటి

ఈ వారపు సమస్య, అంటే పద్యం చివర ఉంచి మిగతా మూడు పాదాలు పూరించవలసిన పాదం, తేటగీతి ఛందస్సులోనిది. వినగానే అసంభవమనిపించే ఈ మాట 1932 జులై 16న అమెరికాలోని ఎవాన్‌స్టన్‌లో అక్షరాలా జరిగింది. టెక్సస్ యువతి మిల్డ్రెడ్ ‘బేబ్’ డిడ్రిక్సన్‌ను ఆమె పనిచేసే బీమా సంస్థ జాతీయ అథ్లెటిక్స్ పోటీలకు ఏకసభ్య జట్టుగా పంపగా, ఆమె ఒక్కతే 30 పాయింట్లు సాధించింది; 22 మందితో వచ్చిన ఇల్లినాయ్ క్లబ్బు 22 పాయింట్లతో రెండవ స్థానంలో నిలిచింది.

మొదటి పూరణ:

పరుగు, గుండును, బల్లెము, బంతి విసురు,
దూకుటందును ముందుండి దూసుకొనుచు
నొకతె ముప్పది పాయింట్ల నొడిసిపట్టి
జట్టు లేకయె గెలిచెను జట్టు పోటి.

పరిశీలన: చక్కని పూరణ, అభినందనలు. ‘పాయింట్ల’ అన్యదేశ్యమే (పరభాషా పదమే) అయినా, ఇక్కడ ‘అంకముల’ అని ఉంటే కృతకంగా ఉండేది. ‘దూకుటందును’ అన్న ఒక్క మాటలో లాంగ్‌జంప్ విజయమూ, హైజంప్‌లో జీన్ షైలీతో పంచుకున్న ప్రథమ స్థానమూ ఇమిడిపోయాయి. కొద్ది రోజులకే లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బల్లెం విసురులోనూ 80 మీటర్ల హర్డిల్స్‌లోనూ స్వర్ణాలు గెలిచిన బేబ్, హైజంప్‌లో మళ్లీ షైలీతో సమంగా ఎగిరినా, దేహం కంటే ముందు తల కడ్డీని దాటిందని న్యాయనిర్ణేతలు తప్పుపట్టడంతో రజతంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తల ముందుగా దాటిన ఆ క్షణాన్ని ఎవరైనా పద్యంలో పట్టుకుంటే చదవాలని ఉంది.

రెండవ పూరణ:

ఇరువదిద్దఱు మగువల యెదుట నిలిచి
యలసటెఱుగక యొక్కతె యాటలాడి
బేబు నామము లోకాన మ్రోగుచుండ
జట్టు లేకయె గెలిచెను జట్టు పోటి.

పరిశీలన: మొదటి రెండు పాదాలు ధారగా సాగాయి. మూడవ పాదంలో ‘బే’కు ‘మ్రో’తో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలోని నియత స్థానపు అక్షరంతో ఉండవలసిన మైత్రి) చెల్లదు. అంతకంటే పెద్ద దోషం అన్వయంలో ఉంది: ‘మ్రోగుచుండ గెలిచెను’ అంటే కీర్తి ముందూ గెలుపు తరువాతా అయిపోతుంది. ఆమె పేరు లోకమంతా పాకింది ఆ వేసవి విజయాలతోనే. గోల్ఫ్‌లో, 1953లో క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగిన మరుసటి ఏడాదే అమెరికా మహిళల ఓపెన్‌ను 12 స్ట్రోకుల తేడాతో గెలవడం చాలా తరువాతి మాట. ‘మ్రోగుచుండ’కు బదులు ‘వెలుగునట్లు’ అంటే యతీ అన్వయమూ రెండూ కుదురుతాయి.

రెండవ పూరణకర్త: ఆర్యా, ధన్యవాదాలు. గణాలు లెక్కించుకుని, యతి చూసుకోవడం మరిచాను. సవరించిన పాదం:

బేబు నామము లోకాన వెలుగునట్లు