నాన్నగారు నెమ్మదించారు: వయసేనా, ఇంకేదైనానా?

పర్లాకిమిడి అమ్మాయి:
నాన్నగారికి 71. కొమ్ము బొమ్మలు చెక్కే పని. నిరుడు బజారుకెళ్తే నేనే వెనకపడేదాన్ని. దసరా తర్వాత నడక బాగా తగ్గింది, ఏదైనా అడిగితే జవాబుకి టైం పడుతోంది. షుగరుకి చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. అందరూ "వయసు కదమ్మా" అంటున్నారు. మీ ఇళ్లల్లో ఎలా ఉంది?

గుణుపురం కోడలు:
మా అత్తగారిదీ ఇదే వరస. ఎండలోనూ చలి, మలబద్ధకం, మాట బరువు. మోకాళ్లనుకుని నూనెలు రాశాం! టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ తక్కువని తేలింది. మాత్ర మొదలెట్టిన కొన్ని నెలలకి మమ్మల్నే తొందరపెడుతున్నారు.

బరంపురం ఫిజియో:
వయసుతో వేగం తగ్గేమాట నిజమే. కండల్లో చటుక్కున పనిచేసే పోగులు ముందు సన్నబడతాయి. అందుకే తూలినప్పుడు నిలదొక్కుకోవడం కష్టం. మెదడు చురుకూ తగ్గుతుంది, తెలిసిన మాటలు మాత్రం చాలాకాలం పోవు. అయితే ఇదంతా ఏళ్ల తరబడి జరిగేది. నెలల్లో జరిగితే వయసు ఖాతాలో రాయకండి.

ఇంట్లోనే చూడొచ్చు. 4 మీటర్లు కొలిచి మామూలుగా నడవమనండి. 5 సెకన్లు దాటితే నెమ్మదే. చేతులు కట్టుకుని కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోడానికి 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టు. పక్కన మనిషి ఉండాలి సుమా. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు, డాక్టరుగారికి చెప్పి ఆ పరీక్ష చేయించండి. ఉన్నట్టుండి మూతి వంకర, ఒకవైపు చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే మాత్రం ఇక్కడ అడగొద్దు, వెంటనే ఆసుపత్రికి.

రాయగడ తాత:
నాకు 76. జలుబుకి కొట్లో ఇచ్చే మాత్ర వేసుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా మబ్బే. నిద్రమాత్రా అంతే. ఇంకోటి, మేం ఏటీఎం దగ్గర ఆలస్యం చేసేది తెలియక కాదు. నొక్కేముందు రెండుసార్లు చూసుకుంటాం. వెనక కుర్రాళ్లకే టెన్షన్.

పర్లాకిమిడి అమ్మాయి:
4 మీటర్లకి 7 సెకన్లు పట్టింది. బి12, టీఎస్‌హెచ్ రెండింటికీ రక్తం ఇచ్చి వచ్చాం, రిపోర్టు రావాలి. తాతగారూ, మీరన్నాక చూస్తే నాన్న జేబులోనూ జలుబు మాత్రల షీటు ఉంది!

బరంపురం ఫిజియో:
వాడేవన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుగారి ముందు పెట్టండి. నాటుమందు పొట్లాలు కూడా.