హొలషొవిట్సె ఊరి పాత జనాభా లెక్కలు విడిగా ఎక్కడ దొరుకుతాయి?

చెక్ రిపబ్లిక్ దక్షిణాన, చెస్కె బుద్యెయొవిట్సె నగరానికి పడమరగా ఉన్న హొలషొవిట్సె అనే పల్లె గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. మధ్యలో చెరువు, చిన్న ప్రార్థన మందిరం, పచ్చిక. చుట్టూ బరోక్ (ఐరోపాలోని పాత, ఆడంబరమైన నిర్మాణ శైలి) అలంకారాలతో రైతుల ఇళ్లు. 1998లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

1292 నుంచి 1848 వరకు ఇది విష్షి బ్రోద్ అనే క్రైస్తవ మఠం కింద ఉండేది. 1520లలో ప్లేగు వచ్చి ఊళ్లో ఇద్దరే మిగిలారట. తర్వాత మఠం వాళ్లు బవేరియా, ఆస్ట్రియాల నుంచి జనాన్ని తెచ్చి నింపారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ కుటుంబాలను పంపించేశారు. అందుకే నాకు 1921, 1930 జనాభా భాషల వారీగా కావాలి.

మొదట ఇంగ్లిష్ అక్షరాల్లో, చెక్ భాషలో 'ష' శబ్దం కోసం 'ఎస్' మీద పెట్టే కొక్కెం లేకుండా ఊరి పేరు టైప్ చేశాను. ఒపవా దగ్గర, దేశానికి అటు చివర ఉన్న హొలసొవిట్సె లెక్కలు వచ్చాయి. రెండు రోజులు అవే రాసుకున్నాను, నవ్వకండి! తర్వాత చెక్ గణాంక కార్యాలయం గ్రామాల పట్టిక చూశాను. ఈ ఊరు యాంకోవ్ అనే పక్క గ్రామ పాలన పరిధిలో భాగం కాబట్టి విడిగా లేదు, మొత్తం సంఖ్యే ఉంది. పాత జర్మన్ పేరు హోల్‌షోవిట్స్‌తో వెతికితే వంశవృక్షాలే వచ్చాయి. ఒక ఆర్కైవ్‌కు ఇంగ్లిష్‌లో మెయిల్ పెట్టి మూడు వారాలైంది, జవాబు లేదు.

యాంకోవ్‌తో కలపకుండా, ఒక్క హొలషొవిట్సెకే 1921, 1930 లెక్కలు భాషల వారీగా ఇచ్చే ప్రచురణ ఏది?