మా డిస్ట్రిక్ట్ ఈక్విటీ–ఇంటిగ్రేషన్ పార్ట్‌నర్‌షిప్‌లో ఉండాలా, బయటికి రావాలా? (మిన్నెసోటా)

చలికోటు_నాన్న:

నమస్తే అందరికీ. మేం సెయింట్ పాల్‌కి తూర్పు వైపు ఒక సబర్బ్‌లో ఉంటున్నాం. ఏ స్కూల్ డిస్ట్రిక్టో (అంటే ఒక ప్రాంతం స్కూళ్లన్నీ నడిపే బోర్డు పరిధి) చెప్పను, ఇక్కడ సగం మంది నా పక్కవీధి వాళ్లే అయ్యుంటారు. పాప ఆరో క్లాసు, బాబు రెండో క్లాసు. వచ్చే మంగళవారం స్కూల్ బోర్డు మీటింగ్ ప్యాకెట్ తెరిస్తే 140 పేజీల పీడీఎఫ్‌లో ఎక్కడో ఒక ఐటెమ్ కనిపించింది. చుట్టుపక్కల డిస్ట్రిక్టులన్నీ కలిసి పెట్టుకున్న ఈక్విటీ–ఇంటిగ్రేషన్ పార్ట్‌నర్‌షిప్‌లో మన సభ్యత్వం కొనసాగించాలా వద్దా అని. ఈ వారం చర్చ మాత్రమే, ఓటు వచ్చే నెల. దానికి ముందు పేజీ పార్కింగ్ లాట్ తారు పనుల గురించి, తర్వాతి పేజీ పాల కాంట్రాక్టు గురించి, మధ్యలో ఇది.

మా తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టాను, పెట్టి తప్పు చేశాను. సాయంత్రానికి రెండు పార్టీలయ్యాయి. "బయటికొస్తే స్టేట్ ఇచ్చే లక్షల డాలర్లు పోతాయి" అని కొందరు. "అదంతా మన పిల్లల కోసం కాదు, మన ట్యాక్సుతో నడుస్తోంది, పోతే పోనీ" అని ఇంకొందరు. ఒకాయనైతే ఇది మన దగ్గర ప్రైవేటు స్కూళ్లలో పేద పిల్లలకి 25 శాతం సీట్లు అన్న ఆర్‌టీఈ రూల్ లాంటిదే అన్నారు. ఎవరికీ పూర్తిగా తెలిసినట్టు లేదు, నాకూ తెలీదు. అసలు ఇది ఏం చేస్తుంది? వదిలేస్తే ఏం పోతుంది? పబ్లిక్ కామెంట్‌కి మూడు నిమిషాలు ఇస్తారట. వెళ్లి మాట్లాడాలని ఉంది, కానీ తెలీకుండా మాట్లాడి నవ్వులపాలు కాకూడదు కదా.

బోర్డుమీటింగ్_బాబాయి:

అబ్బాయ్, ముందు ఆర్‌టీఈ పోలిక పక్కన పెట్టు. అక్కడ ఒక స్కూల్లో సీట్ల సంగతి. ఇక్కడ డిస్ట్రిక్టుకీ డిస్ట్రిక్టుకీ మధ్య సంగతి. నేను మా డిస్ట్రిక్ట్ బడ్జెట్ కమిటీలో నాలుగేళ్లు కూర్చున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మీ గ్రూప్ వాళ్లు రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తున్నారు. ఒకటి వేర్వేరు జాతుల పిల్లలు కలిసి చదవాలని, మార్కుల తేడా తగ్గాలని పెట్టిన స్టేట్ ప్రోగ్రామ్, పేరు అచీవ్‌మెంట్ అండ్ ఇంటిగ్రేషన్. 2013లో పాత ఇంటిగ్రేషన్ ఫండింగ్ తీసేసి దాని స్థానంలో చట్టంగా తెచ్చారు. రెండోది మీ పార్ట్‌నర్‌షిప్, అంటే కొన్ని డిస్ట్రిక్టులు జాయింట్ పవర్స్ అగ్రిమెంట్ (కలిసి పని నడుపుకునే ఒప్పందం) రాసుకుని పెట్టుకున్న సంస్థ. స్టేట్ డబ్బు ఫార్ములా ప్రకారం నేరుగా మీ డిస్ట్రిక్ట్‌కే వస్తుంది. పార్ట్‌నర్‌షిప్‌కి మీరు మెంబర్‌షిప్ ఫీజు కడతారు. కాబట్టి "బయటికొస్తే డబ్బు పోతుంది" అన్నది తప్పు.

లెక్క ఇలా ఉంటుంది. 350 డాలర్లు, ఇంటూ డిస్ట్రిక్ట్ ప్యూపిల్ యూనిట్లు (పిల్లల సంఖ్యకి స్టేట్ వాడే కొలత), ఇంటూ మొత్తం పిల్లల్లో "ప్రొటెక్టెడ్ స్టూడెంట్స్" (జాతిని బట్టి చట్టం పేర్కొన్న పిల్లలు) వాటా. ఇంకా చిన్న చిన్న మెలికలున్నాయి, హైస్కూల్ పిల్లాడు ఒకటి కాదు 1.2 కింద లెక్క, అవి వదిలెయ్. ఉదాహరణకి 10,000 యూనిట్లు, 40 శాతం అనుకో, 14 లక్షల డాలర్లు. అందులో 70 శాతం స్టేట్ ఎయిడ్, 30 శాతం లోకల్ లెవీ, అంటే మన ప్రాపర్టీ ట్యాక్స్. ఖర్చుకీ హద్దులున్నాయి. కనీసం 80 శాతం పిల్లలకి నేరుగా అందే పనులకే పెట్టాలి, టీచర్ల ట్రైనింగ్‌కి 20కి మించకూడదు, అడ్మినిస్ట్రేషన్‌కి 10 దాటకూడదు.

అసలు మెలిక ఇది. ఒక డిస్ట్రిక్ట్‌లో ప్రొటెక్టెడ్ పిల్లల శాతం పక్క డిస్ట్రిక్ట్ కంటే 20 పాయింట్లకు మించి ఎక్కువగా ఉంటే దాన్ని "రేషియల్లీ ఐసొలేటెడ్" అంటారు. అప్పుడు ఆ డిస్ట్రిక్టూ, దాన్ని ఆనుకుని ఉన్నవీ కలిసి కౌన్సిల్ పెట్టుకుని మూడేళ్ల ప్లాన్ రాయాలి. మీది అలా ఆనుకుని ఉన్నదైతే పార్ట్‌నర్‌షిప్ వదిలేసినా ఆ బాధ్యత మిమ్మల్ని వదలదు. ఇప్పుడు ఫీజు కట్టి చేయించుకుంటున్న పనికి రేపు సొంతంగా మనిషిని పెట్టుకోవాలి, అంతే తేడా. ఆ మనిషి జీతం ఎంతో, ఫీజు ఎంతో పక్కపక్కన పెట్టి చూపించమని అడుగు. అది చూపించకుండా ఓటు పెడితే మాత్రం ఏదో తొందరపడుతున్నారన్నమాట.

మంచుపార_శ్రీను:

బాబాయి గారు లెక్కలు బాగా చెప్పారు. నేను మాత్రం బయటికి రావాలనే అంటాను, తిట్టుకోకండి.

నవంబరులో కౌంటీ నుంచి వచ్చే ప్రపోజ్డ్ ట్యాక్స్ నోటీసు తీసి చూడండి, స్కూల్ డిస్ట్రిక్ట్ లైన్ ఏటా ఎలా పెరుగుతుందో. ఇరవై ఏళ్లుగా ఈ రాష్ట్రం ఇంటిగ్రేషన్ అంటూనే ఉంది, తెల్ల పిల్లలకీ నల్ల పిల్లలకీ మధ్య మార్కుల తేడా మాత్రం ఇప్పటికీ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. మరి ఎవరికి లాభం జరిగింది?

తూర్పు వైపు వాళ్లు కాబట్టి ఈ కథ తెలిసే ఉండాలి. 1990ల్లో ఈస్ట్ మెట్రో ఇంటిగ్రేషన్ డిస్ట్రిక్ట్ అని పెట్టారు. సెయింట్ పాల్ పిల్లలూ సబర్బ్ పిల్లలూ కలిసి చదవాలని మేపుల్‌వుడ్‌లో హరాంబీ ఎలిమెంటరీ, వుడ్‌బరీలో క్రాస్‌విండ్స్ మిడిల్ స్కూల్ నడిపారు. తర్వాత మెంబర్ డిస్ట్రిక్టులే మాకు స్కూళ్లు నడపడం వద్దన్నాయి. హరాంబీ రోజ్‌విల్ డిస్ట్రిక్ట్‌కి పోయింది. క్రాస్‌విండ్స్ స్టేట్ ఆర్ట్స్ ఏజెన్సీ పెర్పిచ్ సెంటర్ చేతికి వెళ్లి 2017లో మూతపడింది. సంస్థ పేరు మాత్రం ఈక్విటీ అలయెన్స్ అని మార్చుకుని ట్రైనింగులూ, ప్రోగ్రాములూ మొదలుపెట్టింది. పిల్లలు కలిసి కూర్చునే బిల్డింగ్ పోయింది, పెద్దవాళ్లు కలిసి కూర్చునే మీటింగ్ మిగిలింది. మీటింగుకి ఫీజెందుకు?

పడమటి_లక్ష్మి:

శ్రీను గారూ, మీ కోపం అర్థమైంది కానీ సగమే నిజం అండి. మేం మినియాపొలిస్‌కి పడమటి వైపు పదమూడేళ్లు ఉన్నాం, ఇప్పుడు తూర్పుకి మారాం. అటు వైపు కథ వేరు. 1995లో మినియాపొలిస్ స్కూళ్ల విషయంలో రాష్ట్రం మీద నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కేసు వేసింది, 2000లో రాజీ కుదిరింది, దాన్నుంచే "ది చాయిస్ ఈజ్ యువర్స్" ప్రోగ్రామ్ పుట్టింది. తక్కువ ఆదాయం ఉన్న మినియాపొలిస్ కుటుంబాల పిల్లలకి సబర్బ్ స్కూళ్లలో సీటు, బస్సు. మా పాప క్లాసులో అలా వచ్చిన అబ్బాయి ఒకడు ఉండేవాడు. జనవరిలో మా పిల్లని కారు హీటర్ వేడెక్కాక దించేదాన్ని, వాడు అప్పటికే గంట బస్సులో కూర్చుని వచ్చేవాడు, టోపీ మీద మంచు గట్టిపడి ఉండేది. ఆ బస్సు లేకపోతే వాడు ఆ క్లాసులో లేడు. కాబట్టి "ఎవరికి లాభం" అంటే నేను వాడి పేరు చెప్తాను (చెప్పను, ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు).

ట్రైనింగుల గురించి కూడా ఒక మాట. ఇంకో స్కూల్లో మా పాప పేరునీ, ఇంకో ఇండియన్ అమ్మాయి పేరునీ టీచర్ సంవత్సరమంతా తారుమారు చేసింది. పేరెంట్ మీటింగ్‌లో కూడా నాకు వేరే పిల్ల రిపోర్ట్ చేతిలో పెట్టింది. నేను నవ్వేసి ఊరుకున్నాను, మా ఆయన ఊరుకోలేదు. మరుసటి ఏడు కొత్త టీచర్ మొదటి రోజే ప్రతి పిల్ల దగ్గరికీ వెళ్లి పేరు అనిపించుకుని, తను పలికే రీతిలో కార్డు వెనక రాసుకుంది. ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే సమ్మర్‌లో నాలుగు డిస్ట్రిక్టుల టీచర్లకి కలిపి పెట్టిన వర్క్‌షాప్‌లో అంది. ఒక్క టీచరే, నాకు తెలుసు. అన్నీ అలా ఉంటాయనను. కొన్ని వర్క్‌షాపులు శాండ్‌విచ్ తినడానికే.

ఇంకోటి, ఇది మన గ్రూపుల్లో ఎవరూ చెప్పరు. ఈ చట్టంలో "ప్రొటెక్టెడ్ స్టూడెంట్స్" అంటే నల్లవారు, లాటినో, నేటివ్ అమెరికన్లతో పాటు ఏషియన్ పిల్లలు కూడా. అంటే మన పిల్లలు. బాబాయి గారు చెప్పిన 350 డాలర్ల లెక్కలో మా పాప కూడా ఒక అంకె. "మన కోసం కాదు" అనేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే. అయితే ఇందులో చిక్కూ ఉంది. సెయింట్ పాల్ చుట్టుపక్కల ఏషియన్ అంటే ఎక్కువగా హ్మాంగ్, కరెన్ కుటుంబాలు, ఆగ్నేయాసియా నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్లు. వాళ్ల పిల్లల మార్కులూ, సాఫ్ట్‌వేర్ ఇళ్లలో పెరిగే మన పిల్లల మార్కులూ ఒకే కాలమ్‌లో కలిపి సగటు వేస్తే వాళ్ల కష్టం మన ర్యాంకుల వెనక కనపడకుండా పోతుంది. ఏషియన్ అన్న గుంపును విడదీసి చూపిస్తున్నారా అని అడగండి. విడగొట్టి లెక్కలు ఇవ్వడానికి ఇక్కడ 2016లో ఆల్ కిడ్స్ కౌంట్ చట్టం కూడా వచ్చింది.

చలికోటు_నాన్న:

లక్ష్మి గారూ, ఆ ప్రొటెక్టెడ్ లెక్క నాకు అస్సలు తెలీదు. మా ఆవిడకి చెప్తే "అయితే మనం డబ్బు తెచ్చిపెడుతున్నామా, తీసుకుంటున్నామా" అంది. రెండూ అనుకుంటా.

బాబాయి గారూ, ఒక డౌట్. పిల్లల్ని జాతిని బట్టి స్కూళ్లకి సర్దుతారని గ్రూప్‌లో ఒకరు భయపెడుతున్నారు. నిజమేనా? కోర్టు కేసు కూడా ఏదో ఉందంటున్నారు, అది తేలితే ఇదంతా ఎలాగూ మారిపోతుందట కదా?

బోర్డుమీటింగ్_బాబాయి:

సర్దరు. 2007లో సియాటెల్, లూయీవిల్ కేసుల్లో దేశ సుప్రీం కోర్టు, ఒక్కో పిల్లాడి జాతిని చూసి ఫలానా స్కూలుకి పంపడం కుదరదంది. అందుకే మ్యాగ్నెట్ స్కూళ్లు (ప్రత్యేక కోర్సులతో వేరే ప్రాంతాల పిల్లల్నీ రప్పించేవి), ఆదాయం, బస్సు, ఇష్టపడితే రా అనే దారుల్లోనే నడుస్తోంది.

కేసు పేరు క్రూజ్-గుజ్మాన్, స్కూళ్లు జాతుల వారీగా విడిపోయాయంటూ తల్లిదండ్రులు రాష్ట్రం మీద 2015లో వేశారు. 2023 డిసెంబరులో రాష్ట్ర సుప్రీం కోర్టు రెండు వైపులా వాయించింది. స్కూళ్లలో జాతుల నిష్పత్తి తేడాగా ఉన్నంత మాత్రాన రాజ్యాంగం ఉల్లంఘించినట్టు కాదు, ఆ తేడా వల్ల చదువు దెబ్బతింటోందని చూపించాలంది. కానీ ప్రభుత్వమే కావాలని చేసిందని నిరూపించనక్కర్లేదు అని కూడా అంది. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకు, మీ ఓటు వచ్చే నెల కదా.

శ్రీనుకి ఒక మాట. బిల్డింగ్ పోయిందన్నది నిజమే, నాకూ బాధే. కానీ ఈ రాష్ట్రంలో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ 1980ల చివర్నుంచీ ఉంది. కారున్న ప్రతి కుటుంబం నచ్చిన డిస్ట్రిక్ట్‌కి పిల్లల్ని తీసుకెళ్లిపోతుంది, మన వాళ్లలో ఎంతమంది ఆ పని చేశారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కారు లేనివాడికి బస్సు ఎవరు వేస్తారు? ఒక్క డిస్ట్రిక్ట్ వేయదు, ఎందుకంటే పిల్లాడు పక్క డిస్ట్రిక్ట్ వాడు. మీ పార్ట్‌నర్‌షిప్ బస్సు, మ్యాగ్నెట్ సీట్లు నడుపుతుంటే ఉండమంటాను. ఉత్త ట్రైనింగ్ కేటలాగ్ పంపుతుంటే శ్రీను మాటకే ఓటు.

ఇంకా, జాయింట్ పవర్స్ అగ్రిమెంట్ కాపీ అడుగు, నాన్నా. బయటికి రావాలంటే ఎన్ని నెలల ముందు నోటీసివ్వాలి, బాకీలేమైనా మన నెత్తిన పడతాయా అన్నవి అందులోనే ఉంటాయి. బోర్డు సభ్యుల్లో అది చదివినవాళ్లు ఇద్దరుంటే గొప్ప.

మంచుపార_శ్రీను:

బస్సు ఉంటే ఉండమనడం నాకూ ఓకే. ఉందో లేదో ముందు తేల్చమనండి. లక్ష్మి గారూ, ఆ అబ్బాయి సంగతి చదివాక కాస్త మెత్తబడ్డాను, ఫీజు విషయంలో మాత్రం మెత్తబడలేదు.

చలికోటు_నాన్న:

రాసుకున్నాను. ఫీజు ఎంత, సొంతంగా చేసుకుంటే ఎంత. మన పిల్లల్లో ఎంతమంది ఆ బస్సులూ సీట్లూ వాడుతున్నారు, పక్క డిస్ట్రిక్ట్ నుంచి ఎంతమంది వస్తున్నారు. ఏషియన్ లెక్క విడగొట్టి చూపిస్తారా. అగ్రిమెంట్‌లో నోటీసు గడువు ఎప్పటికి. ఇంట్లో ఒకసారి చదివి చూశాను, నాలుగు నిమిషాలు వస్తోంది. నా యాసకి ఇంకో అర నిమిషం. ఒకటి తగ్గించాలి.

మంచుపార_శ్రీను:

ఫీజు ప్రశ్న నాకు వదిలెయ్ అన్నా, నేనూ వస్తాను. నేను "వద్దు" అనే మాట్లాడతాను, ముందే చెప్తున్నా.

చలికోటు_నాన్న:

రండి రండి. ఏడింటికి మొదలు, ఆరున్నరకే పేరు రాసెయ్యాలి. పార్కింగ్ లాట్ సగం తవ్వేసి పెట్టారు, వెనక చర్చి వైపు పెట్టుకోండి.