ఐటీ నుంచి కన్సల్టింగ్‌కి: రెండేళ్ల అనుభవంతో కుదురుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. ఈసీఈ చదివి, హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో రెండేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నా. మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్‌లోకి, అంటే కంపెనీలకు వ్యాపార సలహాలిచ్చే పనిలోకి, మారాలని ఉంది. ఎంబీఏ తప్పనిసరా? కేస్ ఇంటర్వ్యూ (ఒక వ్యాపార సమస్య ఇచ్చి అక్కడికక్కడే పరిష్కరించమనే ఇంటర్వ్యూ) అంటేనే టెన్షన్‌గా ఉంది. నాన్నేమో ఉన్న ఉద్యోగం వదలొద్దంటున్నారు.

జవాబు:
తమ్ముడూ, నాది కాజీపేట. నేనూ టెస్టింగ్ నుంచే వచ్చాను. నాన్న చెప్పింది విను, ఆఫర్ చేతికొచ్చేదాకా రాజీనామా చేయకు. మెకిన్సీ, బీసీజీ, బెయిన్ లాంటి పెద్ద కన్సల్టింగ్ సంస్థలకు మన దేశంలో ఎక్కువమంది ఐఐఎంలు, ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్), కొన్ని ఐఐటీల క్యాంపస్‌ల నుంచే వెళ్తారు. ఐఎస్‌బీలో ఏడాది కోర్సుకు 24 నెలల అనుభవం అడుగుతారు, అది నీకు ఉంది. ఎంబీఏ లేకుండా అయితే పెద్ద ఆడిట్ సంస్థల సలహా విభాగాల్లో అనలిస్ట్‌గా చేరడం కాస్త దగ్గరి దారి.

కేస్ గురించి భయం వద్దు. ఇంగ్లిష్ పుస్తకంతో మొదలుపెట్టకుండా వరంగల్‌లోని ఎనుమాముల పత్తి మార్కెట్‌కు వెళ్లిరా. పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లుకు లాభం తగ్గిందనుకో, ఎందుకు తగ్గింది? రాబడి దూది మీద, గింజల మీద వస్తుంది. ఖర్చు పత్తి కొనుగోలు, కరెంటు, కూలీలు, వడ్డీ. క్వింటాలు పత్తికి సుమారు 34 కిలోల దూది వస్తుంది. తేమ ఎక్కువున్న పత్తి కొంటే అది తగ్గుతుంది, అందుకే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ తేమ 12 శాతం దాటితే కొనదు. రోజుకు 500 క్వింటాళ్లు ఆడించే మిల్లులో క్వింటాలుకు ఒక్క కిలో తగ్గినా 500 కిలోలు పోయినట్టే. బేలుకు (దూది కట్టకు) 170 కిలోల లెక్కన రోజుకు దాదాపు మూడు బేళ్లు! నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నిద్ర పట్టలేదు, అంత సంతోషం. ఇంటర్వ్యూలో వాళ్లు చూసేది ఇదే: సమస్యను ముక్కలు చేశావా, ఏ ముక్క బరువైనదో పట్టుకున్నావా అని.

రెజ్యూమెలో ‘టెస్టింగ్ చేశాను’ అని వదిలేయకు. ఎన్ని తప్పులు పట్టావు, దాంతో ఎవరికి ఎన్ని గంటలు మిగిలాయో రాయి.

ప్రశ్న:
థాంక్స్ అన్నా. ఒకచోట ‘కన్సల్టెంట్’ పోస్టుకు పిలిచారు. చేరొచ్చా?

జవాబు:
పేరు చూసి చేరకు. హైదరాబాద్‌లో ఆ పేరుతో ఉన్న ఉద్యోగాల్లో చాలావరకు సాఫ్ట్‌వేర్ అమర్చే పనే. అది మంచి పనే కానీ, నువ్వు వెతుకుతున్నది కాదు. క్లయింట్‌తో ఎవరు మాట్లాడతారు, చివరికి ఇచ్చేది రిపోర్టా లేక కోడా, నిరుడు చేరినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు అని అడుగు. వాళ్లేం చెప్పారో ఇక్కడ రాయి, చూసి చెప్తా.