ఉగాది సభకు ముందు నాలుగు వారాలు ఏం చదువుదాం?

అందరికీ నమస్కారం. సింగపూర్ ఉగాది సభలో రీడింగ్ స్టాల్ పని విశాఖలో ఉన్న మాకు అప్పగించారు కదా, నా ఆలోచన ఇదీ. వారానికి ఒక్క అంశమే పెడదాం. పది లింకులు పంపితే ఎవరూ తెరవరు.

మొదటి వారం రొయ్యలు. మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఆగస్టు 27 నుంచి అక్కడ చాలా భారతీయ సరుకుల మీద అదనపు సుంకం 50 శాతమైంది. అంతకుముందే, ఏప్రిల్‌లో సుంకాల ప్రకటన రాగానే, చెరువు గట్టు మీద వంద కౌంట్ ధర పడిపోయింది. కిలోకి వంద తూగేవి వంద కౌంట్ అని సింగపూర్ పిల్లలకు చెప్పాలి. వాషింగ్టన్ సంతకం భీమవరం రైతు దాకా ఎలా వచ్చింది? మధ్యలో ఏజెంటు, ప్రాసెసింగ్ ప్లాంటు, అమెరికా కొనుగోలుదారు ఎవరెంత భారం మోశారు? ఇది విడమర్చే వ్యాసం ఉంటే పంపండి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే.

రెండో వారం జపాన్. 2024 జూలై 31న వాళ్ల కేంద్ర బ్యాంకు వడ్డీని 0.25 శాతానికి పెంచింది. చవగ్గా యెన్‌లో అప్పు తెచ్చి బయట పెట్టుబడి పెట్టినవాళ్లు వాటిని అమ్మి ఆ అప్పు తీర్చేయడానికి ఎగబడ్డారు. అమెరికా ఉద్యోగాల లెక్కలూ నిరాశపరిచాయి. ఆగస్టు 5న జపాన్ షేర్ల సూచీ నిక్కీ ఒక్కరోజే 12 శాతం పైగా పడింది.

— అక్కా, మూడో వారం సింగపూర్‌ది పెట్టండి. ఇక్కడి కేంద్ర బ్యాంకు ఎంఏఎస్ 1981 నుంచి వడ్డీ రేటుతో కాకుండా, సింగపూర్ డాలర్ మారకపు విలువతో ధరలను అదుపు చేస్తోంది. ఇంటికి డబ్బు పంపేవాళ్లందరికీ పనికొస్తుంది. ఒక పేజీ తెలుగు సారాంశం నేను రాస్తాను.

— తప్పకుండా తమ్ముడూ, చాలా సంతోషం. నాలుగో వారం తొట్లకొండ. భీమిలి రోడ్డు పక్కన, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ బౌద్ధారామం తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. సంస్కృతి, వ్యాపారం రెండూ అక్కడే కలుస్తాయి. ఫొటోలు మేం తీసి పంపుతాం.

చర్చ ఆదివారం ఇక్కడ సాయంత్రం 5కి, మీకు 7.30కి. రొయ్యల సారాంశం ఎవరు రాస్తారు? గురువారంలోగా పేరు చెప్పండి, ప్రింటుకి ఇవ్వాలి.