క్యాంపర్ వ్యాన్ ఫ్రిజ్ చల్లబడకపోతే ముందు గ్యాస్ పట్టించాలా?

రుషికొండ వ్యాన్:
12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. రాత్రి బాగానే ఉంటోంది, మధ్యాహ్నానికి లోపల 14 డిగ్రీలు. షాపులో గ్యాస్ తగ్గిందంటున్నారు. పట్టించెయ్యమంటారా?

గాజువాక ఎలక్ట్రీషియన్:
వద్దండీ, అప్పుడే వద్దు. రాత్రి కోలుకుంటోందంటే ముందు కరెంటునీ, వెనకాల వేడి గాలినీ అనుమానించాలి. కంప్రెసర్ తిరుగుతుండగా మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్రిజ్ టెర్మినల్ దగ్గర ఒకసారి చూడండి. తేడా అర వోల్టు దాటితే తప్పు వైరుదో, మధ్యలోని కనెక్షన్‌దో. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి 6 మీటర్లు అనుకుంటే రానూపోనూ 12. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 ఆంపియర్ల దగ్గర 0.7 వోల్టు తినేస్తుంది, 6 చదరపుదైతే 0.2 లోపే. వోల్టేజీ పడిపోతే, సెట్టింగ్‌ను బట్టి సుమారు 10, 11 వోల్టుల దగ్గర కంట్రోలరే కంప్రెసర్‌ని ఆపేస్తుంది. ఎండలో కంప్రెసర్ ఎక్కువసేపు తిరగాలి కాబట్టి ఈ తంటా మధ్యాహ్నమే బయటపడుతుంది.

మధురవాడ ఏసీ మెకానిక్:
గ్యాస్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి గురువుగారూ. మన ఉప్పుగాలికి కండెన్సర్ గొట్టాలు (ఫ్రిజ్ వేడిని బయటికి వదిలేవి) తుప్పు పడతాయి, అరకు ఘాట్‌లో కుదుపులకి జాయింట్లు వదులవుతాయి. ఫ్రీజర్ ప్లేటు చూడండి: గ్యాస్ లోపలికొచ్చే వైపే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే, జాయింటు దగ్గర నూనె మరక కనిపిస్తే, అది లీకే. మీటరు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

గాజువాక ఎలక్ట్రీషియన్:
ఆ గుర్తులు ఒప్పుకుంటాను. కానీ అవేవీ చూడకుండా గొట్టానికి కన్నం పెట్టేవాళ్లతోనే నా గొడవ. సీల్ చేసిన సిస్టమ్‌లో గ్యాస్ దానంతటది తరగదు. లీకు మూయకుండా పైపైన పట్టిస్తే డబ్బు దండగ.

మధురవాడ ఏసీ మెకానిక్:
అది మాత్రం నిజం. లీకు పట్టుకోవాలి, డ్రయ్యర్ (తేమ పీల్చే ఫిల్టర్) మార్చాలి, గొట్టాల్లో గాలి లేకుండా వాక్యూమ్ లాగాలి, ఆ తర్వాత ఫ్రిజ్ వివరాల ప్లేటు మీద రాసిన గ్రాములే తూకం వేసి ఎక్కించాలి. 40, 50 గ్రాములు పట్టే ఫ్రిజ్‌లో 10 గ్రాములు ఎక్కువైనా చల్లదనం చెడుతుంది. ఫ్రిజ్‌లోది ఆర్600ఏ రకమైతే అది మండే గ్యాస్, వ్యాన్ లోపల మంట వెలిగించి అతుకు వేయనివ్వొద్దు.

ఘాట్ రోడ్డు:
ఎల్పీజీతో కూడా నడిచే అమ్మోనియా ఫ్రిజ్ ఉన్నవాళ్లకి ఈ కంప్రెసర్, గ్యాస్ పట్టించే సంగతులు వర్తించవు. బండి వాలులో ఆగితే లోపలి ద్రవం సరిగా తిరగదు, ముందు మట్టం చూసుకోండి. వెనకాల పసుపు పొడి రాలినా, ఘాటు వాసన వచ్చినా కూలింగ్ యూనిట్ పోయినట్టే. వెంటనే ఫ్రిజ్ ఆపేసి వ్యాన్ తలుపులు తెరవండి.

రుషికొండ వ్యాన్:
మంచు ప్లేటంతా సమంగానే ఉంది. తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 11.9, ఫ్రిజ్ దగ్గర 10.7. వైరు 1.5 చదరపు, సిగరెట్ సాకెట్ నుంచి తీసుకున్నాను.

గాజువాక ఎలక్ట్రీషియన్:
వైరు, సాకెట్ కలిసి 1.2 వోల్టులు మింగుతున్నాయి. సాకెట్ తీసేయండి. బ్యాటరీ నుంచి నేరుగా 6 చదరపు వైరు, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు. కండెన్సర్ రెక్కల మీది ఉప్పుని మెత్తటి బ్రష్‌తో దులిపి, వేడి గాలి బయటికి పోయే దారి వేరుగా ఉందో లేదో చూడండి. అప్పటికీ 14 దగ్గరే ఉంటే మధురవాడ వారి దగ్గరికి తీసుకెళ్లండి.