జపాన్ వెళ్లి కూడా కొన్‌బినీ తిండేనా?

పూర్ణిమ_ప్రయాణాలు: ఏప్రిల్‌లో మేం నలుగురం టోక్యో, క్యోటో వెళ్తున్నాం. పొద్దున, రాత్రి కొన్‌బినీలోనే కానిచ్చేద్దాం అంటున్నారు మావారు. అదేనండీ, సెవెన్ ఇలెవెన్, లాసన్, ఫ్యామిలీమార్ట్ లాంటి 24 గంటల దుకాణాలు. అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి ప్యాకెట్లు చింపుకోవడమేంటని నా గొడవ. పైగా అత్తగారు శాకాహారి.

బెజవాడ_బాటసారి: నా ఓటు మీవారికే. జపాన్‌లో మొదటి సెవెన్ ఇలెవెన్ 1974లో టోక్యోలోని తొయొసులో తెరిచారు. ఇప్పుడు దేశం మొత్తం మీద కొన్‌బినీలు 50,000 పైమాటే. ఆఫీసు వాళ్లూ, స్కూలు పిల్లలూ రోజూ తినేది అక్కడే. ఒనిగిరి, అంటే అన్నం ముద్ద, రేపర్ మీద 1, 2, 3 అని ఉంటుంది. ఆ వరసలో లాగితే అప్పటిదాకా అన్నానికి అంటకుండా ఉన్న సముద్రపు నాచు అప్పడంలా కరకరలాడుతూ చుట్టుకుంటుంది. ఆ ప్యాకింగ్‌కే దండం పెట్టాలి.

రుచిపిచ్చి: ప్యాకింగ్‌కి దండం పెట్టు బాబూ, భోజనానికి కాదు. రాజమండ్రి వచ్చి బస్టాండులో బిస్కెట్లు తిని వెళ్లినట్టుంది. అక్కడి రైల్వే స్టేషన్లలో నిలబడి తినే సోబా కొట్లు ఉంటాయి, సోబా అంటే పులుసులో వేసిచ్చే నూడుల్స్. 500 యెన్లు అటూఇటూ పెడితే పొగలు కక్కే గిన్నె చేతికొస్తుంది.

బెజవాడ_బాటసారి: పెద్దావిడని నిలబెట్టి తినిపిస్తారా?

నగోయా_కోడలు: మీ ఇద్దరూ కాస్త ఆగండి, అసలు చిక్కు అత్తగారిది. ఆ సోబా పులుసు చేప రసంతోనే కాస్తారు, ఆవిడకి పనికిరాదు. కొన్‌బినీలో ఉమెబోషి ఒనిగిరి దొరుకుతుంది. ఉప్పులో ఊరిన పుల్లటి కాయ, మన ఊరగాయ ముద్దలాగే ఉంటుంది. కానీ కొన్నిటిలో ఎండు చేప తురుము కలుపుతారు. ఎలర్జీ పట్టికలో గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య కనిపిస్తాయి తప్ప ఆ కత్సువో చేప పేరు రాదు. అది చూసి నమ్మకండి. పదార్థాల జాబితా మొత్తం ఫోన్ కెమెరాతో అనువదించి చదవండి. అన్నిటికన్నా నిశ్చింత ఉత్త అన్నం ప్యాకెట్, మామూలుగా 200 గ్రాములు. కౌంటర్లో వేడిచేసి ఇస్తారు, లేదంటే పక్కనే మైక్రోవేవ్ ఉంటుంది. ఆవకాయ మాత్రం మీరే పట్టుకెళ్లాలి.

ఇంకోటి, 2019 అక్టోబర్ నుంచి ప్యాకెట్ పట్టుకెళ్తే పన్ను 8 శాతం, అక్కడే కూర్చుని తింటే 10. రోడ్డు మీద నడుస్తూ తినకండి, బాగుండదు.

రుచిపిచ్చి: చూశారా, ఆఖరికి రుచి మన ఆవకాయదే!

పూర్ణిమ_ప్రయాణాలు: సరే, పొద్దున పూట కొన్‌బినీకి ఒప్పుకున్నా. ఆవకాయ సర్దుతున్నా. రాత్రి మాత్రం ఎక్కడైనా కూర్చుని వేడి భోజనమే, తగ్గేది లేదు.

బెజవాడ_బాటసారి: క్యోటోలో పొద్దుణ్నుంచి గుళ్లు తిరిగాక ఆ రాత్రి ఎక్కడ తిన్నారో వచ్చి చెప్పండి మేడం.